ఉన్ని నేతలో ఇంటి వస్తువు: ఆధునిక చిత్రకంబళముల చరిత్ర

గుడ్డమీద రంగులు పూసి చిత్రము వ్రాయుట ఒక విద్య. రంగుల దారములతో నేయుచు, గుడ్డయు చిత్రమును ఒక్కసారిగనే పుట్టునట్లు చేయుట మరియొక విద్య. ఈ రెండవ విద్యను ఐరోపా దేశములలో టాపెస్ట్రీ యందురు. గోడకు వ్రేలాడదీయుటకై ముఖ్యముగా ఉన్నితో నేయబడు ఈ వస్త్రమునకు తెలుగున చిత్రకంబళమను పేరు చక్కగా సరిపోవును. ఈ వ్యాసమున ఆ పేరే వాడబడినది.

శతాబ్దముల తరబడి రాజుల యుద్ధములను, వేటలను, మతగాథలను చూపిన ఈ నేత, ఇరువదవ శతాబ్దమున సీసాకు, గ్లాసుకు, వంటపొయ్యికి గోడపై చోటిచ్చినది. ఇది కేవలము చిత్రవిషయములో వచ్చిన మార్పు గాదు. మగ్గముపై పుట్టిన చిత్రము గీసినవానిదా, నేసినవానిదా యను పాత వివాదము ఈ మార్పుతో ముడిపడియున్నది. మగ్గమును నమ్ముకొని స్వస్థలమును విడిచి, షోలాపూరులోను, బరంపురములోను, తమిళనాటి నేత పట్టణములలోను తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ వివాదము పరాయిది గాదు. నేసినవాని పేరు చీరమీద ఉండదని వారికి తెలియును.

నేత విధానము

సాధారణ వస్త్రమునందు పేక ఈ అంచునుండి ఆ అంచువరకు సాగిపోవును. చిత్రకంబళమునందు అట్లు గాదు. ఒక్కొక్క రంగు పేక చిత్రములో తన హద్దువరకే పోయి వెనుదిరుగును. ప్రక్కనున్న రంగు పేక ఆ హద్దువరకు వచ్చి తానును మరలిపోవును. పేకను దట్టముగా దిగగొట్టుటచే పడుగు పూర్తిగా మరుగుపడును. కంటికి కనబడునది పేక యొక్కటే.

గద్వాల చీరలో నూలు ఒడలిని పట్టు అంచుతో కలుపు కుప్పడపు నేతను, కంచి పట్టుచీరలో అంచును ఒడలిని కలుపు కోర్వై నేతను ఎరిగినవారికి ఈ కిటుకు వెంటనే బోధపడును. ఓరుగల్లు జంపఖానాలలోని రంగుల హద్దులును ఇట్టి కలయికలతోనే ఏర్పడును. చీరలో అంచు పొడుగున ఒక్క గీతగా సాగు ఈ సంధి, చిత్రకంబళములో వందలాది చిన్న సంధులై గోడ పొడుగున వ్యాపించును. భేదము విస్తారములోనే గాని విద్యలో గాదు.

ఈ విధానమునకు కొన్ని కట్టుబాట్లు కలవు. పేక అడ్డముగా పోవునది గనుక అడ్డగీతను నేయుట సులభము. రెండు రంగుల నడుమ నిలువు హద్దు వచ్చినచోట, పేకలు ఒకదానినొకటి పెనవేసికొననిచో, గుడ్డలో చీలిక ఏర్పడును. వంపుగీత మెట్లు మెట్లుగా గాని రాదు. అందుచే నేతవారు పెక్కుసార్లు చిత్రమును ప్రక్కకు త్రిప్పి, నిలువు గీతలు మగ్గముపై అడ్డగీతలగునట్లు నేయుదురు. పని ముగిసి మగ్గమునుండి కోసి దింపిన పిదపనే చిత్రము నిటారుగా నిలుచును. కాగితముమీద గీయువానికి ఈ చిక్కులు తెలియవు. మగ్గము ముందు కూర్చున్నవానికే తెలియును.

కుంచెకు దాస్యము

పదునాల్గవ శతాబ్దపు చివర ఫ్రాన్సులో ఆంజూ ప్రభువైన మొదటి లూయీ కొరకు నేయబడిన అపోకలిప్స్ కంబళములు నేటికిని ఆంజే పట్టణపు కోటలో ఉన్నవి. వానిలో వాడిన రంగులు కొద్ది. నమూనాను వేరొక చిత్రకారుడు వ్రాసియిచ్చినను, దానిని ఉన్నిలోనికి మార్చుటలో నేతవానికి స్వేచ్ఛ మిగిలియుండెను.

తరువాతి కాలమున ఈ స్వేచ్ఛ క్రమముగా తగ్గెను. పోపు పదవ లియో కోరికపై రాఫేలు 1515-16 సంవత్సరములలో సిస్టైన్ ప్రార్థనామందిరము కొరకు నమూనా చిత్రములను వ్రాసెను. అవి బ్రస్సెల్సు నగరమునకు పంపబడి, పీటర్ వాన్ ఆల్స్ట్ కర్మాగారమున నేయబడెను. ఆ కంబళములు జగత్ప్రసిద్ధములైనవి. అవి రాఫేలు కంబళములనియే లోకము చెప్పుకొనును. నాటినుండి చిత్రకారుని చిత్రమును ఉన్నిలో అచ్చముగా దింపుటయే నేతవాని నేర్పునకు కొలతయయ్యెను.

1662లో పదునాల్గవ లూయీ ప్రభుత్వము పారిసు నగరమున గోబెలిన్ రాజకర్మాగారమును నెలకొల్పెను. ఆస్థాన చిత్రకారుడైన షార్ల్ ల బ్రన్ దానికి అధిపతియయ్యెను. పదునెనిమిదవ శతాబ్దమున అచ్చట తనిఖీదారుగా నియమితుడైన ఊద్రీ యను చిత్రకారుడు, కుంచె చూపిన ప్రతి ఛాయను నేతవారు యథాతథముగా చూపవలెనని పట్టుబట్టెను. ఛాయలు పెరిగినకొలది అద్దకపు పనియు పెరిగెను. 1824లో అచ్చటి అద్దకశాలకు అధికారియైన షెవ్రూల్ అను రసాయనవేత్తకు, నల్లని ఉన్ని కంబళములో తగినంత నల్లగా కనబడుటలేదను ఫిర్యాదు వచ్చెను. అతడు పరీక్షించి, దోషము అద్దకములో లేదనియు, ప్రక్కనున్న రంగుల ప్రభావముచేతనే నలుపు కాంతిహీనముగా తోచుచున్నదనియు తేల్చెను. 1839లో అతడు ప్రకటించిన వర్ణసిద్ధాంతము తరువాతి ఐరోపా చిత్రకారులకు పాఠ్యమయ్యెను. నేతశాలలో పుట్టిన శాస్త్రము చిత్రకారులకు ఉపకరించెను గాని, నేతవాడు మాత్రము నకలు తీయువాడుగనే మిగిలెను.

మగ్గముకడకు తిరిగివచ్చుట

ఈ స్థితిని మొదట ప్రశ్నించినవారిలో ఇంగ్లండు దేశపు విలియం మారిస్ ముఖ్యుడు. కవియు, సామ్యవాదియునైన ఆయన 1879లో మగ్గము తెప్పించుకొని చిత్రకంబళపు నేతను స్వయముగా అభ్యసించెను. 1881లో మెర్టన్ ఆబీయందు కర్మాగారమును స్థాపించెను. ఆలోచించు బుద్ధిని, పనిచేయు చేతిని వేరుచేయరాదని ఆయన మతము. అయినను ఆయన కంబళముల విషయములు అడవులు, పక్షులు, పాతకాలపు వీరులు. ఆనాటి ఇంటి వస్తువులకు వానిలో ప్రవేశము లభింపలేదు.

1912లో బ్యూట్ ప్రభువు స్కాట్లండు రాజధానియైన ఎడింబరోలో డవ్‌కాట్ అను నేతశాలను స్థాపించినపుడు మెర్టన్ ఆబీ నేతవారినే రప్పించెను. వారిలో ఇద్దరు నిపుణులు మొదటి ప్రపంచయుద్ధమున మరణించిరి. అయినను ఆ నేతశాల నిలిచినది. దాని ప్రసక్తి ముందు మరల వచ్చును.

వస్తువు మారినను స్థితి మారలేదు

ఇంటి వస్తువు గౌరవస్థానమునకు వచ్చుట మొదట చిత్రకళలో జరిగెను. మొదటి ప్రపంచయుద్ధమునకు ముందే పారిసులో పికాసో, బ్రాక్ మొదలగువారు సీసాను, గ్లాసును, వార్తాపత్రికను, గిటారును ముక్కలు ముక్కలుగా విడదీసి చిత్రించిరి. 1918లో ఓజంఫాఁ అను చిత్రకారుడును, తరువాత ల కొర్బూజియే యను పేరుతో ప్రసిద్ధుడైన వాస్తుశిల్పియును కలిసి, నిత్యము వాడు వస్తువుల సరళమైన ఆకృతియే నూతన కళకు మూలమని వాదించిరి.

1930ల దశకమున మారీ క్యుత్తోలి యను కళాపోషకురాలు పికాసో, బ్రాక్, లెజే, ల కొర్బూజియే మొదలగువారి చిత్రములను ఫ్రాన్సులోని ఒబూసన్ పట్టణపు మగ్గములకు తెచ్చెను. ఆధునిక చిత్రకళ ఉన్నిలోనికి వచ్చుటకు ఆమెయే ప్రధాన కారకురాలు. కాని ఆ కంబళములలో కుంచె జాడలనుగూడ నేతవారు ఓర్పుతో అనుకరించిరి. విషయము కొత్తదైనను నేతవాని స్థితి ఊద్రీ కాలమునాటిదే.

ఆ లోపమును గుర్తించి దిద్దబూనినవాడు జాన్ ల్యూర్సా. ఆంజే కోటలోని పాత కంబళములను చూచి ప్రభావితుడైన ఆయన, 1939నుండి ఒబూసన్‌లో పనిచేసెను. రంగుల సంఖ్యను మిక్కిలి తగ్గించెను. ముతక ఉన్నిని వాడెను. నమూనాలో రంగులు పూయుటకు మారుగా అంకెలు వేసెను. ఏ అంకెకు ఏ ఉన్ని యన్నది ముందే నిర్ణయమగుటచే, ఛాయలను వెదకు శ్రమ నేతవారికి తప్పెను. 1957లో ఆయన ఆరంభించిన విశ్వగానమను కంబళమాల పది భాగములతో, సుమారు 80 మీటర్ల పొడవున సాగును. 1966లో ఆయన మరణించునాటికి అది పూర్తికాలేదు. ల్యూర్సా నేతను కుంచెనుండి విడిపించెను. అయినను నిర్ణయములన్నియు నమూనా చేసినవానివే.

చండీగఢ్ న్యాయస్థానము

ఈ చరిత్రలో ఒక అధ్యాయము భారతదేశమున జరిగినది. ల కొర్బూజియే రూపకల్పన చేసిన చండీగఢ్ హైకోర్టు భవనము 1955లో ప్రారంభమయ్యెను. కాంక్రీటు గోడల న్యాయశాలలలో మాటలు ప్రతిధ్వనించుచుండెను. ఆ ధ్వనిని పీల్చుకొనుటకు ఆయన ప్రతి న్యాయశాలకు ఒక భారీ ఉన్ని కంబళమును నిర్దేశించెను. ఎనిమిది న్యాయశాలలకు ఒక్కొక్కటి 64 చదరపు మీటర్లది, ప్రధాన న్యాయమూర్తి శాలకు 144 చదరపు మీటర్లది, మొత్తము తొమ్మిది కంబళములు భారతీయ నేతవారి చేతులమీదుగా సిద్ధమైనవి.

వానిలోని చిహ్నములు సూర్యుడు, మేఘము, మెరుపు, తెరచిన హస్తము, అడుగుజాడలు, తూనికత్రాసు. అంగడిలోని త్రాసు ధర్మమునకు గుర్తుగా న్యాయమూర్తి వెనుక గోడనెక్కినది. నిత్యవస్తువును ఉన్నిలో క్రొత్త అర్థముతో చూపుట కిది చక్కని నిదర్శనము. ఇచ్చట ఉన్ని అలంకారము మాత్రమే గాదు. వాది మాట ప్రతివాదికి స్పష్టముగా వినబడుటకు సాధనము. 2016లో ఆ భవనసముదాయము యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికలో చేరినది. వాస్తుశిల్పి పేరు పాఠ్యపుస్తకములకెక్కెను. నేతవారి పేర్లు కాలేదు.

గీసిన చేయియే నేసిన చేయి

నేతవాని స్థితిని నిజముగా మార్చినవారు స్వయముగా మగ్గము ముందు కూర్చున్న కళాకారులు. వారిలో స్త్రీలు పెక్కుమంది. 1919లో జర్మనీలోని వైమార్ నగరమున స్థాపింపబడిన బౌహౌస్ కళాశాలలో చేరిన యువతులను, ఇతర శాఖలకు పోనీయక, తరచుగా నేతశాలకే పంపుచుండిరి. ఆ నిర్బంధమునే వారు అవకాశముగా మలచుకొనిరి. అచ్చట నేతశాలకు నాయకత్వము వహించిన గుంటా స్టోల్జ్ల్, అచ్చటనే నేత నేర్చి అమెరికాకు వెడలిన ఆని ఆల్బర్స్ ముఖ్యులు. 1949లో న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాల ఆల్బర్స్ నేతపనులతో ప్రత్యేక ప్రదర్శనమును జరిపెను. నేత కళాకారులలో అట్టి గౌరవము అచ్చట మొదట దక్కినది ఆమెకే.

నార్వే సముద్రతీరమున ఓర్లాండ్ అను పల్లెలో హన్నా రిగ్గెన్ (1894-1970) చిన్న వ్యవసాయ క్షేత్రములో జీవించెను. ఉన్నిని తానే వడికెను. చెట్ల బెరడుతో, ఆకులతో, రాతినాచుతో తానే అద్దెను. నీలిరంగు కొరకు మూత్రమును పులియబెట్టి అద్దకపు తొట్టిని సిద్ధపరచుకొనెను. భర్త చేసియిచ్చిన మగ్గముపై, నమూనా లేకయే, నేరుగా నేయుచుండెను. 1934లో తన ఇంటివారిని, తమ పశుపక్ష్యాదులను కంబళముగా నేసెను. మరుసటి యేట ఇథియోపియాపై ఇటలీ దండయాత్రను ఖండించుచు మరియొకటి నేసెను. 1937 పారిసు అంతర్జాతీయ ప్రదర్శనమున దానిని నార్వే మందిరములో ఉంచినపుడు, ముస్సోలినీ తలలో ఈటె దిగబడిన భాగమును కనబడకుండ మడిచిపెట్టిరి. తన ఇంటి పశువును నేసిన చేయియే లోకములోని అన్యాయమునుగూడ నేసినది. ఆ రెంటికి నడుమ ఆమెకు ఎవరి అనుమతియు అవసరము కాలేదు.

ఇనుమును ఉన్నితో చెప్పుట

పైన చెప్పిన ఎడింబరో నేతశాలలో యౌవనారంభముననే పని నేర్చిన ఆర్చీ బ్రెన్నన్ (1931-2019), 1963నుండి 1978వరకు ఆ సంస్థకు కళానిర్దేశకుడుగా ఉండెను. 1962లో ఎడింబరో కళాశాలయందు చిత్రకంబళపు శాఖను నెలకొల్పినవాడును ఆయనయే. అది అమెరికాలో వార్హోల్ సూపు డబ్బాలను చిత్రించుచుండిన కాలము. ఓల్డెన్‌బర్గ్ టైపురైటరు వంటి గట్టి వస్తువులను మెత్తని గుడ్డతోను, వినైలుతోను కుట్టి చూపుచుండిన కాలము. అంగడి సరకు, వంటింటి సామాను కళావస్తువులగుచుండెను. బ్రెన్నన్ ఆ దృష్టిని మగ్గమునకు తెచ్చెను. ఆయన కంబళములలో ఒకదానికి పాతకాలపు ఇనుప వంటపొయ్యియే విషయము.

ఇనుము కఠినము, నున్నన, కాంతిని తిప్పికొట్టునది. ఉన్ని మెత్తన, గరుకు, కాంతిని మ్రింగునది. ఇనుపపొయ్యిని ఉన్నిలో చూపవలెనన్న, చూచినది చూచినట్లు దింపుట పనికిరాదు. మెరుపును ఏ రెండు రంగుల ప్రక్కప్రక్క పేకలతో సూచింపవలెను? మూత వంపును ఎన్ని మెట్లుగా విరువవలెను? పొయ్యి అంచున వచ్చు నిలువు చీలికను కుట్టివేయవలెనా, నీడగీతగా వాడుకొనవలెనా? ఈ ప్రశ్నలకు సమాధానము కుంచెలో లేదు; మగ్గములోనే కలదు. కావుననే ఇంటి వస్తువు నేతవానికి మేలుచేసెను. దేవదూతను నేయునపుడు అతడు చిత్రకారునిపై ఆధారపడవలెను, ఏలయన దేవదూతను అతడు చూడలేదు. పొయ్యిని అతడు ప్రతిదినము చూచును. దాని విషయమున అతని కన్నే ప్రమాణము.

బ్రెన్నన్ సలహాలతో 1976లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున మరియొక నేతశాల వెలసెను. అచ్చట తయారైన కంబళములతోపాటు చిత్రకారుని పేరే గాక నేసినవారి పేర్లును నమోదయ్యెను. శతాబ్దముల క్రిందట బ్రస్సెల్సులో దక్కనిది ఇచ్చట దక్కినది.

యంత్రపు కాలము

కథ ఇంతటితో ముగియలేదు. 2012లో ఇంగ్లండు కళాకారుడు గ్రేసన్ పెర్రీ ఆరు కంబళముల మాలను వెలువరించెను. పాత మతచిత్రముల కూర్పులో నేటి ఇండ్ల కాఫీపాత్రలు, మొబైల్ ఫోనులు, వార్తాపత్రికలు ఇమిడియున్నవి. ఇంటి వస్తువులను బట్టి మనుషుల అంతస్తులను చదువు చిత్రములివి. ఒక్కొక్కటి రెండు మీటర్ల ఎత్తు, నాలుగు మీటర్ల వెడల్పు. అవి చేతిమగ్గముమీదివి గావు. కంప్యూటరు ఆజ్ఞలతో నడచు జకార్డు మగ్గముమీద నేయబడినవి. వస్తువు గోడమీద నిలిచెను. మగ్గము ముందునుండి మనిషి మరల తప్పుకొనెను.

షోలాపూరు, భివండి పట్టణములలోని తెలుగు కుటుంబములకు ఈ మార్పు విని తెలిసినది గాదు, అనుభవించి తెలిసినది. తెలంగాణమునుండి పోయి షోలాపూరులో స్థిరపడిన పద్మశాలీలు దుప్పట్లకు, తువాళ్లకు పేరొందిరి. గోడకు వ్రేలాడదీయు చిత్రవస్త్రములనుగూడ వారు నేసిరి. మరమగ్గము వచ్చిన పిదప చేతిమగ్గములు పలుచబడినవి. బరంపురపు దేవాంగుల పట్టునేతయు, ఆంధ్రదేశమునుండి వలసవచ్చినవారని ప్రతీతిగల కంచి నేతవారి కోర్వైయు ఇదే ఒత్తిడిని ఎదుర్కొన్నవి. ఇద్దరు మనుషులు కలిసి చేయవలసిన కోర్వై సంధిని వదలి, ఒక్కరే నేయదగిన సులభమార్గమును వెదకుట లాభమునకు సరిపోవును. విద్యకు సరిపోదు.

తెలుగునాట ఉన్ని నేత మరియొక దారిలో నడచినది. దక్కను గొఱ్ఱెల నల్లని ఉన్నితో కురుమలు నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి తెలంగాణ, రాయలసీమ, కర్ణాటక, మహారాష్ట్రములలో గొఱ్ఱెలకాపరి సర్వస్వము. వానలో గొడుగు, చలిలో దుప్పటి, పొలమున పరుపు, ఇంటికి వచ్చిన చుట్టమునకు ఆసనము. ఐరోపాలో ఉన్ని ఇంటి వస్తువుకు బొమ్మయయ్యెను. ఇచ్చట ఉన్నియే ఇంటి వస్తువు. దానిమీద బొమ్మ అవసరము లేకపోయెను.

కాని ఇపుడు ఆ వస్తువులే ఇండ్లనుండి తరలిపోవుచున్నవి. ఉట్టి, కవ్వము, తిరుగలి, కుంపటి, గొంగడి యను మాటలు రాష్ట్రేతర పాఠశాలల తెలుగు వాచకములలో కనబడినపుడు, పిల్లలు వానిని అర్థముల పట్టికలో వెదకికొందురు. వస్తువును చూపుటకు ఉపాధ్యాయునికి సాధనము దొరకుట అరుదు. పేరు నేర్చిన పిల్లవానికి దాని ఆకారము తెలియదు. ఆకారము తెలిసిన తాతకు మనుమనితో దానినిగూర్చి మాటాడు అవకాశము రాదు.

బ్రెన్నన్ పొయ్యిని, పెర్రీ కాఫీపాత్రను చూచిన పిదప, ఈ లోటును పూరించు మార్గము దూరముగా తోచదు. కుప్పడము తెలిసిన చేతులు నేటికిని కలవు. రంగుల పేకను హద్దుకడ త్రిప్పు నేర్పు తెలుగు కుటుంబములలో ఇంకను బ్రతికియున్నది. పెళ్లికి, పండుగకు, సంఘభవనమునకు కావలసిన గోడవస్త్రమున నాయకుల ముఖములకు బదులుగా ఒకనాటి ఉట్టిని, తిరుగలిని నేయించుటకు సంఘములు పూనుకొనవచ్చును. అట్లు నేయించినపుడు వస్త్రపు అడుగంచున వస్తువు పేరు తెలుగు లిపిలోను, దాని ప్రక్కన నేసినవాని పేరును ఉండవలెను.